గడప దాటని తిండి పేర్లు: మీ ఇంట్లో ఏమేమి ఉన్నాయి?

హన్మకొండ చిన్నకోడలు

సభ్యులందరికీ నమస్కారం. మా అత్తగారింట్లో ఉప్పిడి పిండిని (బియ్యపు రవ్వతో వండే ఉప్మాను) ఎవరూ ఆ పేరుతో పిలవరు, "లప్పం" అంటారు. మా మామగారు ఇళ్లకు రంగులు వేసే పని చేసేవారు. గోడకు పట్టించే లప్పం ఎంత గట్టిగా ఉండాలో, పొద్దున పళ్లెంలోకి వచ్చే పిండి కూడా అంత గట్టిగానే ఉండాలని ఆయన పట్టుబట్టేవారట. మా ఆడపడుచు పెళ్లయిన కొత్తలో, "రేపు పొద్దున లప్పం పెడుతున్నం, జల్ది లేవండి" అని అత్తమ్మ చెప్పగా, ఇంటికి రంగులు వేస్తున్నారు కాబోలనుకున్న కొత్త అల్లుడు తన పెట్టెను, కొత్త బట్టలను రాత్రికి రాత్రే పక్కింటి అరుగు మీదికి చేరవేశాడు. ఆ మాట ఇప్పటికీ ప్రతి పండుగకు ఒకసారి బయటికి వస్తుంది.

ఇటువంటి పేర్లను ఒకచోట చేర్చుదామని ఈ చర్చ మొదలుపెడుతున్నాను. పుంటికూర, మక్కలు, ఎల్లిగడ్డ, చల్ల వంటివి మన జిల్లాలన్నిటిలో వినిపించేవి కనుక వాటిని వదిలేద్దాం. ఒక్క ఇంట్లోనో, మహా అయితే ఒక్క వాడలోనో మాత్రమే పలికే పేర్లు రాయండి. ఆ పేరు ఎవరి నోట పుట్టిందో, దానిని పిల్లలకు తిండి పెట్టేటప్పుడు ఎట్లా వాడేవారో కూడా రాస్తే చదవడానికి బాగుంటుంది.

కాజీపేట రైలుకూత

మాది రైల్వే క్వార్టర్సులో పెరిగిన కుటుంబం. మా బాపు గూడ్సు బండికి గార్డుగా పనిచేసేవారు కనుక మా ఇంటి భోజనం మొత్తం రైలు భాషలోనే నడిచేది. పళ్లెంలో ముందుగా పడే ముద్దపప్పు ఇంజను, చివరగా వచ్చే పెరుగన్నం గార్డు డబ్బా. నడుమ వచ్చే కూరలకు ఆనాటి సరుకును బట్టి పేర్లు మారేవి. నిలువుగా చీల్చి వేయించిన దొండకాయలు మాత్రం ఎప్పుడూ గూడ్సు డబ్బాలే. అప్పడాన్ని "ప్లాట్‌ఫారం టికెట్టు" అనేవాళ్లం, అది చేతికి అందందే మా తమ్ముడు పీట మీద కూర్చునేవాడు కాదు. ఇంజను, గార్డు డబ్బా రెండూ లేకుండా బండి కదలదని బాపు చెప్పేవారు కాబట్టి, పప్పు తినకుండా పెరుగు అడిగే హక్కు మాలో ఎవరికీ ఉండేది కాదు.

అన్నిటికన్నా నవ్వు వచ్చేది "లూప్ లైను". ఎవరైనా మెతుకులు లెక్కపెట్టుకుంటూ తింటూ ఉంటే, అమ్మ వాళ్ల పళ్లేన్ని బంతిలోంచి కొంచెం వెనక్కి జరిపి, "నువ్వు లూప్ లైన్ల ఉండు, వెనకొచ్చే బండిని పోనియ్యి" అనేది. వెనకొచ్చే బండి అంటే మా చెల్లె. చెల్లె తనను దాటిపోతుందన్న పౌరుషంతో తమ్ముడు గబగబా నాలుగు ముద్దలు మింగేవాడు. కొట్టకుండా, తిట్టకుండా పిల్లవాడి చేత అన్నం తినిపించడానికి ఇంతకన్నా మంచి ఉపాయాన్ని నేను ఇంతవరకు చూడలేదు.

ఖని బిడ్డ

రైలుకూత అన్నా, మీ రైలుకు బొగ్గు మా ఊరి నుండే వచ్చేది. గోదావరిఖనిలో గనిని ఎవరూ గని అనరు, బాయి అంటారని మీకు తెలిసిందే. మా బాపు తట్టా చెమ్మస్ (బొగ్గు ఎత్తే పార) పట్టి టబ్బులు (బొగ్గు డబ్బాలు) నింపిన కార్మికుడు. అందువల్ల మా ఇంట్లో అన్నం వడ్డించే పెద్ద గరిటె పేరు చెమ్మస్, పళ్లెం పేరు టబ్బు. "టబ్బు నిండిందా, ఇంకో చెమ్మస్ ఎయ్యాల్నా?" అని అవ్వ అడిగేది. గిన్నె అడుగున మాడిన అన్నం పొరను "సీము" అనేవాళ్లం. భూమి లోపల బొగ్గు పొరను కార్మికులు సీము అంటారు కదా, అదే మాట వంటింట్లోకి నడిచి వచ్చింది. ఆ మాడును గీకి, ఇంత కారం, ఇంత ఉప్పు, రెండు చుక్కల మంచినూనె కలిపి పెడితే, దాని కోసం అన్నదమ్ముల మధ్య గొడవలు అయ్యేవి.

మా ఇంట్లో పూటలకు కూడా పేర్లు ఉండేవి కావు, షిఫ్టులే ఉండేవి. బాపు రాత్రి షిఫ్టు దిగి పొద్దున ఇంటికి వచ్చి తినే అన్నం ఆయనకు రాత్రి భోజనం, మాకేమో బడికి పోయే ముందటి సద్ది. కనుక ఒకే గిన్నెలోని అన్నానికి ఆయన పళ్లెంలో ఒక పేరు, మా పళ్లెంలో ఇంకొక పేరు. మా చిన్న చెల్లె చాలా రోజులు మధ్యాహ్న భోజనాన్ని "రెండో షిఫ్టు బువ్వ" అనే అనేది. బడిలో పంతులమ్మ "మధ్యాహ్నం ఏం తిన్నవే?" అని అడిగినప్పుడు, "రెండో షిఫ్టు ఇంక దిగలే టీచర్" అని జవాబు చెప్పి వచ్చింది.

పరకాల పుంటికూర

నాది చిన్న మాట. మా ఇంట్లో బ్రెడ్డు పేరు "జ్వరం రొట్టె". ఒళ్లు కాలితే తప్ప ఆ వస్తువు మా గడప తొక్కేది కాదు. ఇడ్లీలు "దవాఖాన బిళ్లలు". ఈ కారణంగానే మా అన్న ఇప్పటికీ హోటలుకు పోయి ఇడ్లీ అడగడు.

నర్సంపేట నాయినమ్మ

పిల్లలూ, మీ ముచ్చట్లు మా మనుమరాలు చదివి వినిపించింది, నేను చెబుతుంటే ఆమే టైపు చేస్తున్నది. మీరంతా వండిన వస్తువుల పేర్లు చెబుతున్నారు. మా కాలంలో వస్తువుకు కాదు, ముద్దకు పేరు ఉండేది. ఒక్క గిన్నెలో ఒకే పప్పన్నం కలిపి, చుట్టూ పిల్లలను కూర్చోబెట్టుకొని, ఇది కాకి ముద్ద, ఇది పిల్లి ముద్ద, ఇది బాపు ముద్ద, ఇది మేనత్త ముద్ద అని ఒక్కొక్కటి చేతిలో పెట్టేవాళ్లం. మేనమామ ముద్ద అన్నిటికన్నా పెద్దగా ఉండేది. మేనమామ పండుగకు బట్టలు పెట్టేవాడు కనుక ఆయన ముద్దను వద్దనే ధైర్యం ఏ పిల్లకూ ఉండేది కాదు. తల్లికి పుట్టింటి మీద అలక ఉన్ననాడు మేనమామ ముద్ద చిన్నదయ్యేది, అత్తగారు అది కనిపెట్టి ముసిముసిగా నవ్వేది. గిన్నెలో మిగిలిన ఆఖరి ముద్ద బలం ముద్ద. తిన్న అన్నం బలమంతా ఆ ఒక్క ముద్దలోనే ఉంటుందని చెప్పి, దానిని నోట్లో పెట్టేదాకా పిల్లను లేవనిచ్చేవాళ్లం కాదు.

ఇంకొకటి, తొలి ఏకాదశికి పేలాలు దంచి, బెల్లం కలిపి పేలపిండి చేస్తాం కదా. మా అత్తమ్మ దానిని "మౌనవ్రతం" అనేది. ఇంటి నిండా పిల్లలు చేరి లొల్లి చేస్తున్నప్పుడు ఒక్కొక్కరి నోట్లో పిడికెడు పోసి, "నోరు తెరిస్తే పోతది బిడ్డా, గట్టిగ మూసుకోండ్రి" అనేది. పేలపిండి నోట్లో ఉన్నప్పుడు మాట్లాడితే ఏమవుతుందో తిన్నవాళ్లకు తెలుసు. ఇల్లు కాసేపు సద్దుమణిగేది. ఎవరో ఒకడు ఎదుటివాడిని నవ్వించేవాడు, అంతే, నవ్వినవాడి నోట్లోని పిండి ముందు కూర్చున్నవాళ్ల మొఖాల మీద పడేది.

జగిత్యాల సారు

నేను ప్రభుత్వ బడిలో తెలుగు చెబుతాను. కాళోజీ నారాయణరావు జయంతి అయిన సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటాం కదా. ఆ రోజు ఉపన్యాసాలు వద్దని చెప్పి, ఇంట్లో మాత్రమే వాడే తిండి పేర్లను అమ్మలను, నాయినమ్మలను అడిగి రాసుకొని రమ్మని పిల్లలకు చెప్పాను. వాళ్లు తెచ్చిన కాగితాలు చూస్తే ఈ పేర్లు ఎక్కడి నుండి పుడతాయో కొంత అర్థమయింది.

ఎక్కువ పేర్లు మాటలు రాని పిల్లల నోటి నుండి వచ్చినవే. పసిపిల్లలకు పెదవులు కలిపి పలికే ప, బ, మ మొదట వస్తాయి, స, ర వంటివి ఆలస్యంగా వస్తాయి. అందుకే అన్నం బువ్వ అయింది, అందుకే సకినాలు అనలేని పిల్ల "తకినాలు" అంటుంది. పిల్ల పెద్దదై, పెళ్లై, పిల్లలను కన్న తరువాత కూడా ఆ ఇంట్లో సంక్రాంతికి తకినాలే వండుతారు. ఒక పిల్లవాడు పచ్చిపులుసుకు "పిచ్చిపుస్సు" అని రాసుకొచ్చాడు, ఆ పేరు పెట్టినది వాళ్ల చిన్న తాతనట, అంటే ఆ తప్పు పలుకుకు ఆ ఇంట్లో మూడు తరాల వయసు ఉందన్నమాట.

మరికొన్ని పెద్దవాళ్లు కావాలని పెట్టినవి. వాటిలో తిండి రూపం కన్నా ఇంటి పని ఎక్కువగా కనిపిస్తుంది. రైలు వాళ్లింట్లో గూడ్సు డబ్బాలు, బాయి వాళ్లింట్లో సీము, రంగుల పని వాళ్లింట్లో లప్పం ఎట్లా వచ్చాయో ఇక్కడే చూస్తున్నాం. నా తరగతిలో ఒక దర్జీ కూతురు సేమియాను "దారం ముక్కలు" అని రాసింది. ఒక డ్రైవరు కొడుకు వేడి చారును "రేడియేటర్ నీళ్లు" అని రాశాడు, దానికి వాళ్ల అమ్మ ఒప్పుకోలేదని కింద చిన్నగా జోడించాడు.

సిరిసిల్ల మగ్గం

సారు, సేమియా విషయంలో దర్జీల కన్నా మాకే ఎక్కువ హక్కు ఉంది. మా ఇంట్లో సేమియా పాయసం పేరు "నూలు పాయసం". సేమియా ముక్కలు ముక్కలై ఉంటే "పోగులు తెగినయి" అని మా నాయిన పళ్లెం ముందు కూర్చొని వంక పెట్టేవాడు. కారప్పూసను కండెకు (నూలు చుట్టే గొట్టానికి) చుట్టినట్టు వేలికి చుట్టుకొని తినడం మా పిల్లల అలవాటు కనుక దాని పేరు కండె అయింది. ఒక్క సంగతి మాత్రం చెప్పాలి. మగ్గాల చప్పుడులో ఒకరి మాట ఒకరికి వినపడదు. అందువల్ల మా వాడలో చాలా తిండ్లకు పేరుతో పాటు ఒక సైగ కూడా ఉంటుంది. చాయ్‌కి బొటనవేలు, అన్నానికి ఐదు వేళ్లు కలిపి నోటి దగ్గర పెట్టడం అందరికీ తెలిసినవే. మా అమ్మ చల్లకు మాత్రం కవ్వం తిప్పినట్టు రెండు అరచేతులు రాసేది, మేము దూరం నుండి చూసి తలకాయ ఊపేవాళ్లం.

హన్మకొండ చిన్నకోడలు

ఇంత తొందరగా ఇన్ని వస్తాయని అనుకోలేదు. బతుకమ్మ సంగతి ఇంకా ఎవరూ ఎత్తలేదేమిటి? తొమ్మిది రోజులలో చాలా రోజుల పేర్లే తిండి పేర్లు. అటుకుల బతుకమ్మ, ముద్దపప్పు బతుకమ్మ, నానబియ్యం బతుకమ్మ, అట్ల బతుకమ్మ, వెన్నముద్దల బతుకమ్మ, చివరికి సద్దుల బతుకమ్మ. ఏడో రోజు వేపకాయల బతుకమ్మ అంటే, బియ్యప్పిండిని వేపకాయల ఆకారంలో చేసి నూనెలో వేయించి పెడతారు. మా ఆడపడుచు కొడుకు పట్నంలో పెరిగినవాడు. "వేపకాయలు తిను" అంటే చేదని ఏడ్చి, పందిట్లోంచి పారిపోయాడు, ఎంత బతిమిలాడినా ఆ పూట నోరు తెరవలేదు.

ఆరో రోజు అలిగిన బతుకమ్మ, ఆ రోజు నైవేద్యం ఉండదు. మా అత్తగారింట్లో పిల్లలెవరైనా అలిగి పళ్లెం నెట్టేస్తే, అది ఏ నెల అయినా సరే, "ఇయ్యాల మనింట్ల ఆరో రోజు" అంటారు. ఆ మాట వినగానే అలిగిన పిల్లకు ఇంకా కోపం వస్తుంది, మిగిలినవాళ్లకు నవ్వు ఆగదు.

ములుగుదారి

మీరు జిల్లా పేర్లు వద్దన్నారు గానీ, ఒక పేరు మీద నాకు అభ్యంతరం ఉంది. రెండేళ్లకు ఒకసారి మాఘమాసంలో జరిగే మేడారం జాతరలో సమ్మక్క సారలమ్మలకు సమర్పించే బెల్లాన్ని బెల్లం అనరు, బంగారం అంటారు. మొక్కుకున్నవారు తమ ఎత్తు బరువు తూచి నిలువెత్తు బంగారం ఇస్తారు. ఆ మాట లక్షల మంది నోట ఉన్నది కనుక దానిని ఇంటి పేరు అనలేము, నిజమే. అయితే మా ఇంట్లో జాతర లేని రోజులలో కూడా, చాయ్‌లో వేసే బెల్లం సైతం బంగారమే. దీనివల్ల ఒక ఉపద్రవం వచ్చిపడింది. మా అమ్మ హన్మకొండ బస్సులో కూర్చొని ఫోనులో మా అక్కతో, "బంగారం రెండు కిలోలు అటక మీద పెట్టిన, చీమలు పట్టకముందే దించు, తలుపు దగ్గరికి మాత్రమే వేసివచ్చిన" అని గట్టిగా చెప్పింది. బస్సులో ముందు సీట్లవాళ్లు వెనక్కి తిరిగి ఆమె మెడలోకి, చెవుల్లోకి చూశారట. కండక్టరు దిగేటప్పుడు, "అమ్మా, ఫోన్ల గట్ల చెప్పొద్దు, రోజులు మంచిగ లేవు" అని బుద్ధి చెప్పి పంపాడు.

ఇక బజారు కూడా పేర్లు పెడుతుంది. మన వరంగల్ చపాట మిరపకాయకు 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కదా. గుండ్రంగా, ఎర్రగా, కారం తక్కువగా ఉంటుందని దానిని టమాటా మిర్చి అని కూడా అంటారు. మా నాయినమ్మ ఇంకొక అడుగు ముందుకు వేసి దానిని "అల్లుడి మిరపకాయ" అనేది, చూడటానికే ఎర్రగా ఉంటుంది, లోపల మంట ఏమీ లేదని ఆమె వాదన. మా బావ ముందు ఆ పేరు పలకకుండా ఉండటానికి ఇంటిల్లిపాదీ కష్టపడేవాళ్లు.

కాజీపేట రైలుకూత

అల్లుడి మిరపకాయ అనే మాట ఈ చర్చలో అన్నిటికన్నా మిన్న. మా బావకు చదివి వినిపించాను, ఆయన ఇంకా మాట్లాడటం లేదు.

మెట్‌పల్లి గట్క

ఇంతవరకు అందరూ నవ్వించారు. నేను కొంచెం వేరే మాట చెబుతాను, ఏమనుకోవద్దు. మా తాతలది వానను నమ్ముకున్న సేద్యం. ఇంట్లో రోజూ వండేది జొన్న గట్క, మక్క గట్క (రవ్వను ముద్దగా ఉడికించినది), వరి అన్నం పండుగకో, చుట్టం వస్తేనో వండేది. శ్రీరాంసాగర్ ప్రాజెక్టుకు 1963లో పునాది రాయి వేశారు, ఆ తరువాత కాకతీయ కాలువ నీళ్లు వచ్చిన ఊళ్లలో వరి పెరిగింది. మా నాయినమ్మ అందుకే తెల్లన్నాన్ని చివరిదాకా "కాలువ బువ్వ" అనే పిలిచింది. తరువాత, 1983లో, రేషను కార్డు మీద కిలో రెండు రూపాయల బియ్యం వచ్చినప్పుడు ఆ బియ్యంతో వండినదానికి "కార్డు బువ్వ" అని వేరే పేరు పెట్టింది. రెండూ ఒకే పొయ్యి మీద ఉడికినా, ఆమెకు రెండు వేరు. కాలువ బువ్వను చుట్టాలకు, కార్డు బువ్వను ఇంటివాళ్లకు పెట్టేది.

గంజికి మా ఇంట్లో "దొర పాలు" అని పేరు. పాడి లేని ఇంట్లో పిల్లలు పాలు అడిగితే, వార్చిన గంజిలో ఉప్పు వేసి, దొరల ఇండ్లలో ఇవే తాగుతారని చెప్పి నాయినమ్మ పోసేదట. మా బాపు ఆ పేరు చెప్పేటప్పుడు నవ్వుతూనే చెప్పేవాడు, మేము కూడా నవ్వేవాళ్లం. ఆ పేరు పెట్టిన మనిషి మాత్రం నవ్వించడానికి పెట్టలేదు, అడిగిన పిల్లవాడికి లేదని చెప్పలేక పెట్టింది. ఇంటి పేర్లను పోగుచేసేటప్పుడు ఇటువంటివి కూడా లెక్కలోకి రావాలని నా మనవి.

నర్సంపేట నాయినమ్మ

గట్క తమ్ముడూ, మీ నాయినమ్మ మాట నిజం. మా దిక్కు గంజిని పాలు అనలేదు గానీ, చారులో నీళ్లు ఎక్కువ పోయడానికి ఒక మాట ఉండేది. ఎదురుచూడని చుట్టాలు నలుగురు వచ్చి కూర్చుంటే, మా అత్తమ్మ నడింట్లోంచే, "కోడలా, చారుకు తానం పోసినవా?" అని అడిగేది. చుట్టాలకు అర్థమయ్యేది కాదు, నేను పోయి ఒక చెంబు నీళ్లు, చిటికెడు ఉప్పు, ఇంత చింతపండు రసం కలిపి మరొక్కసారి మసలబెట్టేదాన్ని. "రెండు తానాలైనయి అత్తమ్మా" అని నేను బదులు చెబితే, ఇక ఎవరినీ కూర్చోమని బలవంతం చేయవద్దని ఆమెకు తెలిసిపోయేది.

సందేహాల తల్లి

అందరూ మంచిగా రాస్తున్నారు. నాకు మాత్రం ఒక చిక్కు వచ్చింది. మా బాబు నాలుగేళ్లవాడు. వాడికి తిండి పేర్లన్నీ మా అత్తమ్మ పెట్టిన పేర్లే తెలుసు. కోడిగుడ్డు అట్టు "సూర్యుడు", బీట్‌రూట్ కూర "పెదవుల కూర", పాలకూర పప్పు "చెరువు". బడిలో ఏది కావాలో అడగడం రాక ఆకలితో తిరిగి వస్తున్నాడని, ఇంట్లో సరైన పేర్లు నేర్పించమని వాళ్ల టీచరు నోటుబుక్కులో రాసి పంపింది. మీ పిల్లలకు ఎప్పుడు, ఎట్లా మాన్పించారు?

జగిత్యాల సారు

అమ్మా, మాన్పించవలసిన అవసరం లేదని నా అభిప్రాయం. పిల్లలు ఇంట్లో ఒక మాట, బడిలో ఒక మాట వాడటం చాలా తొందరగా నేర్చుకుంటారు. ఇంట్లో "అవ్వ" అని, బడిలో "అమ్మ" అని రాసే పిల్లలను నేను రోజూ చూస్తున్నాను. వడ్డించేటప్పుడు రెండు పేర్లూ కలిపి చెప్పండి, "పాలకూర పప్పు, అంటే మన చెరువు" అని. కొద్ది రోజులలో ఎవరి దగ్గర ఏ మాట వాడాలో వాడే తెలుసుకుంటాడు. అత్తమ్మ పేర్లు మానివేస్తే వాడు పాలకూర తినడం కూడా మానివేసే ప్రమాదం ఉంది, అది చూసుకోండి.

పరకాల పుంటికూర

సారుతో నేను ఏకీభవించను. మంచి పేరు పెడితే పిల్ల తింటుంది, సరే. అయితే మా ఇంట్లో కాకరకాయకు "మందు కాయ" అని, బెండకాయకు "చీమిడి కూర" అని మా కాకా పేర్లు పెట్టాడు. ఇంట్లో ఒకరు సరదాకు పెట్టిన పేరు వల్ల మేము ఐదుగురం పిల్లలం బెండకాయ ముట్టకుండా పెరిగాం. జ్వరం రొట్టె సంగతి ముందే చెప్పాను. పేరు తినిపించగలిగినట్టే తినకుండా కూడా చేస్తుంది. కాబట్టి అమ్మా, సూర్యుడిని ఉంచండి, చీమిడి వంటివి ఎవరైనా తెస్తే ఆ పూటే ఆపండి.

సందేహాల తల్లి

ఇద్దరికీ కృతజ్ఞతలు. రెండు పేర్లూ కలిపి చెప్పడం నిన్నటి నుండి మొదలుపెట్టాను. మా అత్తమ్మకు మాత్రం ఇది నచ్చలేదు, "మీ టీచర్ వచ్చి తినిపిస్తదా?" అని అడుగుతున్నది.

వంచనగిరి మూకుడు

సర్వపిండిని ఇంతవరకు ఎవరూ పలకరించకపోవడం ఆశ్చర్యం. మా వరంగల్ దిక్కు సర్వప్ప అంటాం, నిజామాబాద్ దిక్కు గిన్నప్ప అంటారు. అవి జిల్లా పేర్లు కనుక పక్కన పెడుతున్నాను. నేను చెప్పేది దాని మీది రంధ్రాల గురించి.

బియ్యప్పిండిలో నువ్వులు, నానబెట్టిన శనగపప్పు, దంచిన పల్లీలు, ఉల్లాకు, కరివేపాకు, కారం వేసి గట్టిగా కలిపి, నూనె రాసిన గంజు (లోతైన గిన్నె) లోపల అడుగుకు, అంచులకు ఆనించి వేళ్లతో పలుచగా ఒత్తుతారు. తరువాత చూపుడు వేలితో అక్కడక్కడ గుంటలు చేసి, ఒక్కొక్క గుంటలో నాలుగు చుక్కల నూనె పోసి మూత పెట్టి సన్నని మంట మీద ఉంచుతారు. ఆ గుంటలను మా ఇంట్లో "బావులు" అంటాం. నూనె నిలిచిన చోట పిండి బాగా వేగి, అంచు ఎర్రబడి కరకరలాడుతుంది కనుక బావి ఉన్న ముక్కకు గిరాకీ ఎక్కువ. "నాకు రెండు బావుల ముక్క" అని ముందే చెప్పి పెట్టుకునేవాళ్లం. మా పెద్దమ్మ లెక్కప్రకారం ఒక్కొక్కరికి ఒక్కటే బావి. మా అన్న ఆమె చూడనప్పుడు ఒత్తిన పిండిలో తన వైపు మరొక రెండు గుంటలు పొడిచి వచ్చేవాడు. ఒకసారి అట్లా పొడిచి పొడిచి, గంజు అడుగు కనిపించేదాకా తవ్వాడు, ఆ సర్వప్ప ఆరు ముక్కలై బయటికి వచ్చింది. "నీళ్లు పడ్డయా బిడ్డా?" అని మాత్రం అడిగింది పెద్దమ్మ.

ఒకటి దింపిన తరువాత గంజు కాలుతూ ఉంటుంది, పిండి ఒత్తడానికి చేయి ఆనదు. దానిని బోర్లించి వెనుక వైపు నీళ్లు పోస్తే సుయ్యిమని శబ్దం వచ్చేది. ఆ శబ్దం పేరు "రెండోది". "రెండోది వినపడ్డది" అంటే మొదటిది తినడానికి తయారైందని అర్థం. ఎక్కడ ఆడుకుంటున్నా సరే, ఆ శబ్దానికి అందరం వంటింటి దగ్గరికి చేరేవాళ్లం.

ఖని బిడ్డ

మూకుడు అన్నా, మీ అన్న మా బాయిలో ఉండవలసినవాడు.

భద్రకాళి గట్టు

మా నాయినమ్మ మెడలో తులసిమాల వేసుకున్న మనిషి. గుడ్డు, మాంసం ఇంట్లోకి రానిచ్చేది కాదు. మా అమ్మకేమో పిల్లలకు గుడ్డు పెట్టాలని పట్టుదల. అందుకని వెనుక వాకిట్లో వేరే పొయ్యి మీద ఉడికించి, దానికి "తెల్ల ఆలుగడ్డ" అని పేరు పెట్టింది. నాయినమ్మ ముందే, "అమ్మా, ఇవ్వాళ తెల్ల ఆలుగడ్డ ఉన్నదా?" అని ధైర్యంగా అడిగేవాళ్లం. బడి మొత్తం అట్లాగే గడిచింది. మా తమ్ముడికి పదో తరగతి పరీక్షలు వచ్చినప్పుడు నాయినమ్మ అమ్మను పిలిచి, "పిల్లగాడు రాత్రి దాకా చదువుతున్నడు, రోజుకు రెండు తెల్ల ఆలుగడ్డలు పెట్టు. పొట్టు మాత్రం తులసికోట దగ్గర పడెయ్యకు" అన్నది. అమ్మకు నోట మాట రాలేదు. ఆ తరువాత కూడా నాయినమ్మ ఒక్కనాడు గుడ్డు అనే మాట పలకలేదు, మేమూ పలకలేదు.

హన్మకొండ చిన్నకోడలు

తులసికోట దగ్గర పొట్టు పడితే అత్తకు తెలియదనుకున్న మీ అమ్మగారికి నా సానుభూతి. ఇప్పుడు ఒక ప్రశ్న. ఈ మధ్య ఇండ్లలోకి కొత్త తిండ్లు వస్తున్నాయి. వాటికి మీ పెద్దవాళ్లు ఏ పేర్లు పెట్టారు?

నర్సంపేట నాయినమ్మ

మా మనుమరాలు తెప్పించే పిజ్జాకు నేను "పెద్దింటి సర్వప్ప" అని పేరు పెట్టిన. బావులు లేవు, నూనె మాత్రం ఉన్నది. హోటల్ల ముందుగాల తెచ్చి పెట్టే సూపుకు "ఒంటరి చారు" అని పెట్టిన, అన్నం లేకుండా వస్తది కనుక.

మెట్‌పల్లి గట్క

మా బాపుకు చక్కెర వ్యాధి వచ్చిన తరువాత డాక్టరు పొద్దున ఓట్స్ తినమన్నారు. మొదటి రోజు గిన్నెలోకి చూసి, గరిటెతో ఎత్తి వదిలి, "ఇది గట్కనే, డాక్టర్ గట్క. చిన్నప్పుడు ఇది తిననని ఏడిస్తే మా అవ్వ కొట్టింది, ఇప్పుడు పైసలు పెట్టి కొనుక్కొని తినుమంటున్నరు" అన్నాడు. ఇప్పుడు అంగడి చీటీలో కూడా డాక్టర్ గట్క అనే రాస్తాం. పాలు పోస్తే ముట్టడు, పచ్చిపులుసు పోస్తేనే తింటాడు. డాక్టరుగారికి ఆ సంగతి మేము చెప్పలేదు.